చదునైన చిన్న మట్టి ట్రాక్‌కి డర్ట్ లేట్ మోడల్ కారును ఎలా సిద్ధం చేసుకోవాలి

డర్ట్ లేట్ మోడల్ అంటే అమెరికాలో మట్టి ట్రాకుల మీద ఎడమకే తిరుగుతూ పోటీపడే రేసు కారు. ఇక్కడ చెప్పేది పావు మైలు మట్టి ట్రాక్ గురించి. మలుపుల్లో బ్యాంకింగ్ (బయటి అంచు ఎత్తుగా ఉండే వాలు) లేదు, పొలం గట్టంత ఎత్తు కూడా ఉండదు. ఇలాంటి చోట కారు మలుపులోకి ఎంత వేగంగా దూసుకెళ్లిందన్నది పెద్ద లెక్కలోకి రాదు. మలుపు సగం దాటాక ఎవరి కారు ముందు నేరుగా నిలుస్తుందో, ఎవరు ముందు గ్యాస్ నొక్కగలరో వాళ్లదే ల్యాప్. కింద చెప్పే ప్రతి పనీ ఈ ఒక్క ఉద్దేశంతోనే చేస్తాం.

నేను ఉద్యోగం కోసం ఇండియానా వచ్చి, శనివారం రాత్రుళ్లు ఒక చిన్న టీముకి టైర్లు చూసే పనిలో పడ్డాను. మాది క్రేట్ లేట్ మోడల్. అంటే ఫ్యాక్టరీలోనే సీలు వేసిన ఇంజన్, మా దాంట్లో 604 క్రేట్, సుమారు 400 హార్స్‌పవర్. సూపర్ లేట్ మోడల్ ఇంజన్లకు ఇంతకు రెట్టింపు బలం ఉంటుంది. అయినా చాసీ, సస్పెన్షన్ సూత్రాలు రెంటికీ ఒకటే. మీరూ ఏదో ఒక టీములో చేరి పానా పట్టుకుని ఉంటే ఇది పనికొస్తుందని రాస్తున్నాను.

చదును ట్రాక్ ఎందుకు వేరు

ఒహాయోలోని ఎల్డోరా లాంటి అరమైలు ట్రాక్ మీద ఎత్తైన బ్యాంకింగ్ కారును మలుపులో పట్టుకుంటుంది. చదును ట్రాక్‌లో పట్టుకునేది టైరు ఒక్కటే. చిన్న లెక్క చూడండి. మలుపు వ్యాసార్ధం 30 మీటర్లు, టైరుకీ మట్టికీ మధ్య ఘర్షణ గుణకం 0.6 అనుకుందాం. చదును నేల మీద కారు గంటకు 48 కిలోమీటర్ల దగ్గరే జారడం మొదలుపెడుతుంది. అదే మలుపును 15 డిగ్రీలు వాలుగా కడితే 63 దాకా నిలబడుతుంది. ఆ తేడాను సెటప్‌తో, అంటే కారులో చేసే సర్దుబాట్లతో, తెచ్చుకోలేం. తెచ్చుకోగలిగిందల్లా మలుపు చివర వెనక చక్రాల పట్టు.

ఇంకో సంగతి. కారును కిందకు నొక్కే గాలి బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఈ వేగాల్లో వెనక స్పాయిలర్ (గాలిని అడ్డుకుని తోకను కిందకు నొక్కే రేకు) చేసే సాయం తక్కువ. అందుకని బాడీ రేకుల గురించి తలపట్టుకోకుండా ఆ సమయం టైర్లకీ తూకానికీ పెట్టండి.

ముందు నేల చూడండి

కారు దింపకముందే ట్రాక్ చుట్టూ ఒకసారి నడవండి. కౌంటీ ఫెయిర్‌గ్రౌండ్లలో ఉన్న పాత ట్రాకులు చాలా చోట్ల గుర్రప్పందేల కోసం వేసినవి. వాటి మలుపులు చదునుగా ఉండటానికి అదే కారణం.

మట్టిని చేతిలోకి తీసుకుని పిసకండి. మన రైతులు నేల పదును చూసినట్టే చూడాలి. ఇలినాయ్ వైపు నల్లమట్టి మన నల్లరేగడిని గుర్తుచేస్తుంది. తడిగా ఉంటే చక్రానికి ముద్దలు ముద్దలుగా అంటుకుంటుంది, ఆరితే నున్నగా మెరుస్తుంది. జార్జియా ఎర్రమట్టి తీరు వేరు. ఏ మట్టయినా సాయంత్రం హాట్ ల్యాప్స్‌లో (రేసులకు ముందు ప్రాక్టీసులో) పదునుగా ఉన్న నేల, రాత్రి ఫీచర్ రేసు (చివరి అసలు రేసు) నాటికి ఆరి, దుమ్ము పట్టి జారుడుబండలా తయారవుతుంది. సెటప్ ఆ జారుడు నేలకు చేసుకోవాలి. సాయంత్రం పదును మీద కారు కాస్త మొండిగా, తిరగనట్టు అనిపిస్తే కంగారుపడకండి. రాత్రికి అదే సరిపోతుంది.

షెడ్డులో మొదటి పని

కారును స్టాండ్ల మీద నిలబెట్టండి. జాకీ ఒక్కదాన్నీ నమ్ముకుని కిందకు దూరకండి, రెండు నిమిషాల పనికైనా సరే.

స్ప్రింగులు, షాకులు (షాక్ అబ్జార్బర్లు) విప్పేసి, ఒక్కో చక్రాన్ని చేత్తో పూర్తి ఎత్తుకీ పూర్తి దిగువకీ కదిలించండి. ఎక్కడైనా పట్టేసినట్టు, ఆగి కదిలినట్టు అనిపిస్తే అక్కడే ఆగి కారణం వెతకండి. వంగిన బార్ (ఇరుసును ఫ్రేముకు కలిపే కడ్డీ), ఎండిపోయిన రాడ్ ఎండ్ (ఆ బార్ చివరి కీలు), ఫ్రేముకు తగులుతున్న బోల్టు, ఏదో ఒకటి దొరుకుతుంది. ఇది వదిలేసి తూకం సరిచేసుకుంటే అంతా వృథా. మట్టి ట్రాక్ మీద ఎడమ వెనక మూల చాలా ఎత్తుకు లేస్తుంది. ఆ ఎత్తులో ఎక్కడ పట్టేసినా స్ప్రింగు చేయాల్సిన పని ఆ బార్ మీద పడుతుంది. అప్పుడు డ్రైవర్ చెప్పే మాటకీ మీ నోట్‌బుక్‌లో ఉన్న అంకెలకీ పొంతన కుదరదు.

తర్వాత వెనక ఇరుసు ఫ్రేముకు సరిగ్గా లంబకోణంలో ఉందో లేదో కొలవండి. చాసీ తయారీదారు ఇచ్చిన షీట్లో కొలత ఏ బిందువు నుంచి తీసుకోవాలో ఉంటుంది. రాకెట్, లాంగ్‌హార్న్ లాంటి కంపెనీలు మొదలుపెట్టడానికి అంకెలు ఇస్తాయి. కొత్తవాళ్లు ఆ షీటును దాటి సొంత ప్రయోగాలకు పోకూడదు. మొదటి నాలుగైదు రాత్రులు దాని మీదే నడపండి.

టైర్లు, స్టాగర్

నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇదే, ఎక్కువమంది తొందరపడేదీ ఇక్కడే.

లేట్ మోడల్ వెనక ఇరుసులో, మలుపులో రెండు చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ ఉండదు. స్పూల్ ఉంటుంది, రెండు చక్రాలూ కలిసే తిరుగుతాయి. మామూలు కారును అలా చేస్తే మలుపు తిరగలేక మొరాయిస్తుంది. ఇక్కడ దానికి మందు స్టాగర్, అంటే కుడి వెనక టైరు చుట్టుకొలత ఎడమదాని కంటే ఎక్కువ ఉండటం. కాగితం టీ కప్పును బల్ల మీద పక్కకు పడేసి దొర్లించండి, సన్నంగా ఉన్న అడుగు వైపుకి గుండ్రంగా తిరుగుతుంది. కారు కూడా అంతే, చిన్న టైరున్న ఎడమ వైపుకి తిరుగుతుంది.

మలుపు ఎంత చిన్నదైతే స్టాగర్ అంత ఎక్కువ కావాలి. కుడి టైరు చుట్టుకొలత 90 అంగుళాలు, రెండు టైర్ల మధ్య దూరం 72 అంగుళాలు, మలుపు వ్యాసార్ధం 100 అడుగులు అనుకుంటే లెక్క ప్రకారం 5 అంగుళాలకు పైనే వస్తుంది. అయినా అంత పెట్టం. మట్టి మీద చక్రాలు జారుతూనే ఉంటాయి, కారును సగం తిప్పేది గ్యాసే. పైగా అంత స్టాగర్ ఉంటే నేరు దారిలో కారు ఎడమకు లాగుతుంది, మలుపు చివర చక్రాలు నేలను పట్టుకోకుండా స్పిన్ అవుతాయి. మేం చదును ట్రాక్‌కి 3 అంగుళాల దగ్గర మొదలుపెట్టి, నేల నున్నబడేకొద్దీ తగ్గించుకుంటూ వస్తాం. కారు మలుపు మధ్యలో అస్సలు తిరగకపోతేనే పెంచుతాం.

కొలిచే పద్ధతి ఇది. ముందు రేసులో ఉంచబోయే గాలినే టైర్లో ఉంచండి. సన్నని స్టీలు టేపును ట్రెడ్ మధ్యగా చుట్టి, వంకర పోకుండా బొటనవేలితో అదిమి, ఎనిమిదో వంతు అంగుళం దాకా చదవండి. సుద్దముక్కతో టైరు పక్కన రాసేయండి. ఎండలో ఉన్న టైరుకీ నీడలో ఉన్న టైరుకీ గాలి మారిపోతుంది, దాంతో చుట్టుకొలతా మారుతుంది. ఒకసారి ట్రైలరు నీడలో ఒక టైరు, ఎండలో ఇంకోటి ఉంచి కొలిచాను. పొద్దుగుంకాక మళ్లీ కొలిస్తే స్టాగర్ వేరేగా వచ్చింది. అప్పటినుంచి కారు లైన్‌లోకి వెళ్లేముందు చివరి కొలత తప్పనిసరిగా తీసుకుంటున్నాను.

గాలి చాలా తక్కువ ఉంచుతాం. ఎడమ వెనక 6 పిఎస్‌ఐ ప్రాంతంలో, కుడి వెనక 9 లేదా 10, కుడి ముందు 10 నుంచి 12. ఇంత తక్కువ గాలికి టైరు రిమ్ము వదిలి రాకుండా బీడ్‌లాక్ అనే రింగు పట్టుకుంటుంది. దాని బోల్టులు ప్రతి వారం బిగించి చూడండి. ఇంత తక్కువ గాలిలో అర పిఎస్‌ఐ తేడా కూడా డ్రైవర్‌కి తెలుస్తుంది, కాబట్టి మంచి గేజు కొనుక్కుని ఎప్పుడూ అదే వాడండి.

హూసియర్ కంపెనీ టైర్లకు రబ్బరు రకం తెలిపే అంకెలు ఉంటాయి. అంకె పెరిగేకొద్దీ రబ్బరు గట్టి. చదును, నున్నని ట్రాక్ టైరును పెద్దగా వేడెక్కించదు కాబట్టి మెత్తని వైపే మొగ్గుతాం. ట్రెడ్ బ్లాకుల మీద బ్లేడుతో సన్నని గాట్లు పెడితే రబ్బరు త్వరగా వేడెక్కి పట్టు వస్తుంది. ఏ టైరు, ఎంత గాటు అన్నది మీ క్లాసు నిబంధనల్లో చూసుకోండి. టైరును మెత్తబరిచే రసాయనాల జోలికి మాత్రం వెళ్లకండి. అవి నిషిద్ధం, శాంపిల్ తీసి పరీక్షిస్తారు.

తూకం

నేల సమంగా ఉన్న చోట నాలుగు చక్రాల కింద నాలుగు స్కేలు పలకలు పెట్టండి. గాలి, స్టాగర్, ఎత్తులు ముందే సరిచేసుకుని, డ్రైవర్‌ని హెల్మెట్‌తో సహా సీట్లో కూర్చోబెట్టండి. ట్యాంకులో ఇంధనం రేసు మొదట్లో ఉన్నంత ఉండాలి. కారును ఒకసారి పైకీ కిందకీ ఊపి స్థిరపడనివ్వండి.

ఉదాహరణకి 2400 పౌండ్ల కారు తీసుకుందాం. ఎడమ ముందు 594, కుడి ముందు 486, ఎడమ వెనక 690, కుడి వెనక 630. ఎడమ పక్క మొత్తం 1284, అంటే 53.5 శాతం. వెనక మొత్తం 1320, అంటే 55 శాతం. ఎడమ వెనక, కుడి వెనక కంటే 60 పౌండ్లు ఎక్కువ. దీన్ని బైట్ అంటారు.

ఎడమ వెనక స్ప్రింగు నట్టును బిగిస్తే ఎడమ వెనక, కుడి ముందు బరువు పెరుగుతుంది, మిగతా రెండు మూలలూ తేలికవుతాయి. ఎడమ శాతం, వెనక శాతం మాత్రం కదలవు. అవి మారాలంటే బరువు కోసం కారుకు బిగించిన సీసం దిమ్మలను ఒక చోటు నుంచి ఇంకో చోటికి మార్చాల్సిందే. ఈ రెండింటినీ కలగాపులగం చేయకండి.

చదును ట్రాక్‌కి వెనక శాతం కాస్త ఎక్కువ ఉండటం నాకు ఇష్టం. మలుపు చివర వెనక చక్రాలకు ఊతం దొరుకుతుంది. సీసాన్ని ఎంత ఎత్తులో బిగించారో కూడా పట్టించుకోండి. పైన బిగిస్తే మలుపులో బరువు కుడి పక్కకు ఎక్కువగా ఒరిగి, నున్నని నేల మీద కుడి టైర్లు నేలలోకి దిగుతాయి. ప్రతి దిమ్మా రెండు బోల్టులతో ఉందా, దాని మీద కారు నంబరు రాసి ఉందా చూసుకోండి. రేసులో సీసం ఊడి పడితే వెనక వచ్చే వాడి ప్రాణానికే ముప్పు.

ఇవన్నీ నిలబడి ఉన్న కారు అంకెలు. ట్రాక్ మీద ఎడమ వెనక మూల లేచాక తూకం పూర్తిగా వేరుగా ఉంటుంది. స్కేలు అంకెలు మళ్లీ అదే చోటికి రావడానికి గుర్తు మాత్రమే.

ముందు చక్రాలు

రెండు ముందు చక్రాల తలలూ ఎడమకే వాలాలి. కుడిది 4 డిగ్రీల దగ్గర నెగటివ్ (తల కారు లోపలికి), ఎడమది 2 నుంచి 3 పాజిటివ్ (తల బయటికి) దగ్గర మొదలుపెట్టండి. టో, అంటే ముందు చక్రాల ముందు అంచులు, పావు అంగుళం బయటికి. కాస్టర్ (చక్రం తిరిగే కీలు వెనక్కి వాలే కోణం) కుడికి ఎక్కువ, ఎడమకు తక్కువ ఇస్తే స్టీరింగ్ తనంతట తానే ఎడమకు వెళ్లాలని చూస్తుంది.

కుడి ముందు షాకు రీబౌండ్ (సాగేటప్పుడు అది అడ్డుకునే బలం) గట్టిగా ఉంటే, డ్రైవర్ గ్యాస్ నొక్కినప్పుడు ముక్కు వెంటనే పైకి లేవదు, స్టీరింగ్ పట్టు మిగులుతుంది. చదును మలుపుల్లో ఇది బాగా ఉపయోగం.

వెనక ఇరుసు

ఒక్కో వెనక చక్రం దగ్గర ఇరుసు గొట్టం మీద బర్డ్‌కేజ్ అనే బ్రాకెట్ ఉంటుంది. దాన్నుంచి రెండు బార్లు ముందుకు ఫ్రేముకు వెళ్తాయి. రెండు పక్కలా కలిపి నాలుగు. కారు ఎడమ పక్క పైకి లేచేకొద్దీ, ముందుకు ఎత్తుగా ఉన్న ఎడమ బార్లు ఇంకా నిటారై, ఎడమ వెనక చక్రాన్ని ముందుకు లాక్కుంటాయి. అప్పుడు ఇరుసు మొత్తం కొద్దిగా వంకరగా నిలబడి తోక బయటికి వస్తుంది. దీన్నే రియర్ స్టీర్ అంటారు. ఇరుకు మలుపులో కారు తిరగడానికి ఇది కావాలి, అతి అయితే మలుపు చివర చక్రాలు ముందుకు తోయకుండా పక్కకు జారిపోతాయి.

అదే ఎడమ పై బార్ కోణం పెంచితే, గ్యాస్ మీద ఎడమ వెనక టైరు నేలలోకి అదుముకుంటుంది. నేను బార్ బిగించే చోటును ఒకేసారి ఒక రంధ్రం మాత్రమే మారుస్తాను, మార్చిన రంధ్రం నంబరు వెంటనే రాసుకుంటాను.

జె-బార్ ఇరుసును పక్కలకు పట్టి ఉంచుతుంది. ఫ్రేము వైపు చివర పైకి పెట్టి వాలు పెంచితే ఎడమ పక్క ఎక్కువ లేస్తుంది, ఎడమ వెనక చక్రానికి తోపు పెరుగుతుంది. రెండు చివరలూ కలిపి పైకి జరిపితే తోక వదులవుతుంది. చదును ట్రాక్ మీద తోక తొందరగా వదిలేస్తుంటే ముందు రెండు చివరలూ కిందకు దించి చూడండి.

ఎడమ వెనక మూల ఎంత ఎత్తుకు లేవాలో ఆపడానికి గొలుసు ఉంటుంది. పెద్ద సిరీసుల్లో ఆ ఎత్తుకు కొలత నిబంధన ఉంది. మీ ట్రాక్ నిబంధన ముందే కనుక్కుని గొలుసు పొడవు పెట్టుకోండి.

గేరు, బ్రేకు

క్విక్ చేంజ్ ఇరుసులో వెనక మూత తీసి రెండు స్పర్ గేర్లు మార్చుకోవచ్చు. నేరు దారి చివర ఇంజన్ రెవ్ లిమిట్‌కి (తిరగగలిగే గరిష్ఠ వేగానికి) కాస్త కింద ఉండేలా చూసుకోండి. రాత్రికి నేల జారుడైతే ఒక మెట్టు తక్కువ గేరు నిష్పత్తికి (చిన్న అంకెకు) దిగండి. చక్రాలు స్పిన్ తగ్గి కారు నిజంగా ముందుకు కదులుతుంది.

ముందు, వెనక బ్రేకులకు బలం పంచే బ్యాలెన్సు బార్‌ని వెనక్కి కొద్దిగా మొగ్గించండి. కొందరు డ్రైవర్లు కుడి ముందు బ్రేకును క్యాబిన్లోంచే మూసేసే వాల్వు వాడతారు. అప్పుడు బ్రేకు నొక్కితే కారు ఎడమకు లాగి మలుపులోకి దిగుతుంది. ఇరుకు ట్రాక్‌కి మంచి సాధనమే, కాకపోతే డ్రైవర్‌కి అలవాటయ్యాకే వాడాలి.

రేసు రాత్రి

హాట్ ల్యాప్స్ నుంచి కారు రాగానే మొదట బురద తీయండి. పుట్టీ బ్లేడుతో రిమ్ము లోపలి అంచు నుంచి గీకుతూ రండి. ఎండిపోతే రాయిలా మారుతుంది కాబట్టి తడిగా ఉండగానే పని కావాలి. రిమ్ములో ఒక పక్క గుప్పెడు మట్టి ఉండిపోయినా చక్రం ఊగుతుంది, డ్రైవర్ దాన్ని షాకు పోయిందనుకుంటాడు.

బురద తీస్తూనే అతణ్ని మూడు ప్రశ్నలు వేయండి. లోపలికి వెళ్లేటప్పుడు ఎలా ఉంది? మధ్యలో ఎలా ఉంది? బయటికి వచ్చేటప్పుడు ఎలా ఉంది? 'లూజుగా ఉంది' (తోక జారుతోంది) అన్న ఒక్క మాటతో సరిపెట్టనివ్వకండి. ఎందుకో చెప్తాను.

పోయిన ఏడాది ఒక రాత్రి మా డ్రైవర్ కారు దిగుతూనే మలుపు చివర తోక విసిరేస్తోందన్నాడు. మేం నమ్మి ఎడమ వెనక బైట్ 25 పౌండ్లు పెంచాం. ఫీచర్‌కి ముందు జరిగే చిన్న హీట్ రేసులో ఇంకా ఘోరమైంది, రెండుసార్లు కారు దాదాపు గిర్రున తిరిగిపోయింది. ఆ హీట్ రేసులో నేను మలుపు లోపలి గడ్డి దగ్గర నిలబడి ముందు చక్రాలనే చూశాను. మలుపులోకి దిగేటప్పుడు స్టీరింగ్ ఎడమకు తిరిగే ఉంది, కానీ ముక్కు మాత్రం బయటికే తోసుకుపోతోంది. డ్రైవర్ ఇంకా తిప్పుతున్నాడు, కారు వినడం లేదు. మలుపు సగానికి వచ్చేసరికి వేగం తగ్గి ఒక్కసారిగా ముందు చక్రాలకు పట్టు దొరికింది, అదే క్షణాన గ్యాస్ పడింది, తోక ఎగిరిపోయింది. జబ్బు ముక్కులో ఉంటే మేం తోకకు మందు వేశాం. పెంచిన బైట్ తీసేసి, ముందు చక్రానికి మెత్తని టైరు వేసి, స్టాగర్ పావు అంగుళం పెంచాం. ఫీచర్‌లో కారు మలుపులో కుదురుగా దిగింది, చివర తోక మాటే రాలేదు.

అందుకని డ్రైవర్ చెప్పేది వినండి, కానీ ఒక మనిషి మలుపు దగ్గర నిలబడి కళ్లతో చూడాలి. లోపలికి వెళ్లేటప్పుడు ముక్కు తోసుకుపోతుంటే ముందు దాన్నే సరిచేయండి. నిజంగా తోకే మొదట వదులుతుంటే స్టాగర్ తగ్గించండి, జె-బార్ దించండి, లేదా కొద్దిగా బైట్ పెంచండి. మూడూ ఒకేసారి కాదు. రెండు మార్పులు కలిపి చేస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు. అలా ఒక సీజన్ మొత్తం పోగొట్టుకున్నవాళ్లను చూశాను.

డ్రైవర్‌కి కూడా ఒక మాట చెప్పండి. చదును మలుపులో బ్రేకు ముందే వేసి, కారును త్వరగా తిప్పి, బయటికి వచ్చే దారి వీలైనంత నేరుగా చేసుకోవాలి. ఎంత బాగా సెటప్ చేసినా మలుపు మొత్తం పక్కకు జారుతూ వెళ్తే టైరు కాలిపోతుంది, కారు కదలదు.

ఫీచర్ అయ్యాక, ట్రైలర్‌లోకి ఎక్కించకముందే, టైర్లు వేడిగా ఉండగానే గాలి, చుట్టుకొలత మళ్లీ కొలిచి రాసుకోండి. ట్రెడ్ ముఖం మీద చెయ్యి వేసి చూడండి. రబ్బరు నున్నగా మెరుస్తుంటే ఆ నేలకు టైరు మరీ గట్టిదన్నమాట. అంచులు చిరిగి, పొట్టు లేచి ఉంటే మరీ మెత్తదన్నమాట. నేల ఎలా ఉంది, ఏ లైన్‌లో పోయాడు, ఏ రంధ్రంలో ఏ బార్, ఎన్ని పౌండ్ల బైట్, ఏ గేరు, అన్నీ ఆ రాత్రే నోట్‌బుక్‌లోకి ఎక్కాలి. తెల్లారితే సగం మర్చిపోతాం.